ఏడో సభ్యుడి సమ్మతి

తవిటినాయుడు పోయిన ఐదో నెలలో, పాలకమండలి సమావేశానికి రమ్మని ఆయన పేరు మీద పిలుపు వచ్చింది.

సంస్థ బంట్రోతు బండి మీద దిబ్బలపాలెం దాకా వచ్చి, ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి, నాయుడుగారు లేరా అని అడిగేశాడు. అడిగాక నాలుక కరుచుకున్నాడు. నాయుడి భార్య దమయంతి పిలుపు కాగితం అందుకుని అతన్ని పంపేసింది. పాత పేర్లు తీసేయడం మరిచిపోయి ఉంటారనుకుని రాయవలస ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతలి మనిషి ఎవరినో అడిగి కనుక్కుని వచ్చి, పొరపాటు కాదమ్మా, నాయుడుగారు ఇంకా సభ్యులే అని చెప్పాడు. చెప్పిన తీరులో వేళాకోళం లేదు.

గుమ్మడేరు పరీవాహక ప్రాంతీయాభివృద్ధి సంస్థ అనే పొడుగాటి పేరును లోయలో ఎవరూ పూర్తిగా పలకరు. సంస్థ అంటే చాలు. కొండల్లో పుట్టిన దగ్గర్నుంచి సముద్రంలో కలిసేదాకా ఆ ఏటి నీళ్ళు ఎవరికి ఎంత, రోడ్డు ఎటు పోవాలి, ఫ్యాక్టరీ ఎక్కడ రావాలి, ఏ ఊరు ఉండాలి, ఏ ఊరు లేచిపోవాలి అన్నది దాని పాలకమండలి చేతిలో ఉంటుంది. మండలిలో ఏడుగురు. అధ్యక్షుడు, ఇద్దరు ఇంజనీర్లు, అడవుల తరఫున ఒకరు, పట్టణాల తరఫున ఒకరు, ఎగువ మండలాల నుంచి ఒకరు, దిగువ నుంచి ఒకరు. దిగువ మనిషి తవిటినాయుడు. చిన్న పనులకు ఎక్కువమంది సరేనంటే చాలు. కాలువ మూసేయాలన్నా, ఊరు ఖాళీ చేయించాలన్నా మాత్రం ఏడుగురూ ఒప్పుకోవాలి. పై వాళ్ళు నీళ్ళన్నీ పట్టుకుపోతారని దిగువ జనం గోల పెడితే చట్టంలో చేర్చిన నిబంధన అది.

ఆ నిబంధన పుణ్యమా అని మొదటి కొన్నేళ్ళు సంస్థలో ఏ పనీ కదల్లేదు. సమావేశం పెడితే అరుపులు, లేస్తే కోర్టులు. అధ్యక్షుడు లింగమూర్తికి బీపీ పట్టుకుంది. ఆ రోజుల్లోనే ఆయన తల్లికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. డాక్టర్ చారుమతి అనే ఆమె అలాంటి రోగుల కోసం ఒక యంత్రం తయారుచేసింది. రోగి తలకు ఒక వల టోపీ, పక్కన కూర్చున్న కొడుకు తలకు ఒక టోపీ. మాటలేవీ వినపడవు. కానీ తల్లికి ఎక్కడ నొప్పిగా ఉందో, దేనికి దిగులుపడుతోందో కొడుక్కి తన ఒంట్లో పుట్టినట్టే తెలుస్తుంది. తల్లి పోయేముందు ఆమె మనసును అంత దగ్గరగా చూసిన లింగమూర్తి, ఇద్దరికి కుదిరింది ఏడుగురికి కుదరదా అని చారుమతిని అడిగాడు. ఆమె రెండేళ్ళు కష్టపడి కుదిర్చింది. దానికి ‘జోడు’ అని పేరు పెట్టారు.

జోడు వేసుకున్న మొదటి రోజు తవిటినాయుడు ఇంటికొచ్చి అన్నం ముట్టుకోలేదు. బిందె నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కే మనిషి మోకాళ్ళ నొప్పి ఇంకా తన మోకాళ్ళలోనే ఉందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఎగువ మండలాల సభ్యుడు తొత్తడి గంగులు ఆ రోజంతా నోట్లో ఉప్పునీళ్ళ రుచి పోలేదన్నాడట. దిగువ ఊళ్ళ బావుల రుచి అది. ఆ తర్వాత పనులు పరుగెత్తాయి. ఆనకట్ట లేచింది, ఆసుపత్రి లేచింది. వేరే రాష్ట్రాల నుంచి మంది వచ్చి చూసిపోయారు.

తవిటినాయుడు మాత్రం ఇంట్లో మాట తగ్గించాడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన దమయంతికి పగలంతా తోడు ఆయన మాటలే. ఏమైందని నిలదీస్తే ఒకరోజు ఆయన తల దించుకుని నిజం చెప్పాడు. “ఆల్లారుగురికీ చెప్పకుండానే తెలిసిపోతాది. నీకు ప్రతీదీ విడమరిచి చెప్పాలంటే ఓపిక నేకుండా ఉన్నాది దమయంతీ. తప్పు నాదే.” ఆమె మళ్ళీ అడగలేదు. అలా రెండేళ్ళు ఒకే ఇంట్లో ఎవరి మానాన వాళ్ళు బతికారు. ఒకరోజు తూము చూసొస్తానని వెళ్ళి ఆయన కాలువ గట్టు మీద కూలిపోయాడు. ఊళ్ళోవాళ్ళు మోసుకొచ్చారు. పోయిన మనిషి కోసం ఏడుస్తూ, అంతకు రెండేళ్ళ ముందే పోయిన మనిషి కోసం కూడా ఏడుస్తున్నానని దమయంతికి అనిపించింది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది.

ఫోన్ చేసిన మర్నాడే లింగమూర్తి వచ్చాడు. వెంట రెహానా కూడా వచ్చింది. ఆమె భూగర్భజలాల ఇంజనీరు, మండలి సభ్యుల్లో అందరికంటే చిన్నది. ఇంకా నలభై రాలేదు. రాయవలసలో సంస్థ క్వార్టర్స్‌లో ఒక్కతే ఉంటుంది. ఇద్దరూ ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. నడిమింటి ద్వారబంధం కాస్త కిందికి ఉంటుంది. కొత్తవాళ్ళెవరైనా తల కొట్టుకుంటారు. రెహానా ఎవరూ చెప్పకుండానే తల వంచి లోపలికొచ్చింది. దాహంగా ఉందని, అడక్కుండానే పెరటి వసారాలోకి వెళ్ళి, మూలనున్న కుండ మూత తీసి నీళ్ళు ముంచుకుని తాగింది. తాగాక చేసిన పని గుర్తొచ్చి మొహం ఎర్రబడి, క్షమించమంది. తను ఊళ్ళో లేనప్పుడు ఎవరో ఇల్లంతా తిరిగి వెళ్ళినట్టు దమయంతికి ఒళ్ళు జలదరించింది.

లింగమూర్తి మెల్లగా విషయం చెప్పుకొచ్చాడు. ప్రతి సమావేశంలోనూ యంత్రం ఒక్కొక్క సభ్యుడి మనసు నడిచే తీరును పట్టుకుని దాచుకుంటుంది. దాన్ని వాళ్ళు అచ్చు అంటారు. ఒకసారి నాయుడికి కామెర్లు వచ్చి రాలేకపోతే, ఆ అచ్చుతోనే సమావేశం నడిపారు. తర్వాత ఆయన్నే అడిగితే తానున్నా అలాగే అనేవాణ్ణని ఒప్పుకున్నాడు. ఆయన పోయాక జరిగిన మొదటి సమావేశంలో ఏడో కుర్చీ ఖాళీగానే ఉంది. అచ్చును ఆపాలని ఎవరికీ తోచలేదు. టోపీలు పెట్టుకున్నారు.

“ఉన్నారమ్మా,” అన్నాడు లింగమూర్తి. “మా అందరికీ తెలిసింది. ఆ పూట మేం ఎవరం లేచి ఇళ్ళకి వెళ్ళలేకపోయాం.”

ఇప్పుడు చిక్కు వచ్చిపడింది. దిగువ కాలువ మూసేసి ఆ నీళ్ళు ఎగువ మండలాల తాగునీటికి మళ్ళించాలని, దిబ్బలపాలెంతో పాటు చివరి ఊళ్ళను పైన కట్టిన కొత్త కాలనీకి తరలించాలని మండలి తీర్మానించింది. ఏడుగురూ ఒప్పుకున్నారు. చనిపోయిన మనిషి ఒప్పుకోవడమేమిటని దిగువ రైతులు కోర్టుకెక్కారు. ఆయన ఇంట్లో ఆ సంగతి ఎత్తడానికి ఊళ్ళో ఎవరికీ నోరు రాలేదు. ఆ కుర్చీ ఖాళీయా కాదా తేల్చమని కోర్టు ఒక రిటైర్డ్ జడ్జిని వేసింది. ఆయన రాయవలసలో విచారణ పెట్టి అందరి మాటా వింటాడు. భార్య మాట తప్పకుండా వింటాడు.

ఆయన కాలువ మూసెయ్యడానికి ఒప్పుకున్నారా అని దమయంతి అడిగింది. ఒప్పుకున్నారని లింగమూర్తి చెప్పాడు. ఆమె నమ్మలేదనీ కాదు, నమ్మిందనీ కాదు. ఆ కాలువ కోసమే ఆయన మండలిలో చేరాడు. కానీ ఆ రెండేళ్ళలో ఆయన లోపల ఏం మారిందో ఆమెకేం తెలుసు. ఊరి మీద ఆమెకు అంత మమకారం కూడా లేదు. బావులు ఉప్పుదేలాయి, బడి మూతపడింది. కాలనీకి పోదామని తనే ఒకటి రెండు సార్లు అంది.

వెళ్ళేముందు రెహానా వెనక్కి తిరిగి, ఒకసారి వచ్చి ఆ కుర్చీలో కూర్చోమని బతిమాలింది. “మీరు రావాలని ఆయనకీ ఉందండి,” అంది, నేలచూపులు చూస్తూ.

ఆ మాట దమయంతిని వారం రోజులు ఇంట్లో నిలవనివ్వలేదు. చివరికి బస్సెక్కింది.

సమావేశ మందిరం అనగానే పెద్ద హాలు ఊహించుకుంది గానీ, అది ఆసుపత్రి గదిలా చిన్నగా, చల్లగా ఉంది. గుండ్రని బల్ల, ఏడు కుర్చీలు. ఆరుగురూ ఆమె రాగానే లేచి నిలబడ్డారు. ఆమెను చూసిన ఆరు మొహాల్లోనూ ఒకే రకమైన సంతోషం కనిపించింది. అది చూసి ఆమెకు భయమూ వేసింది, లోపలెక్కడో తీపిగానూ అనిపించింది. చారుమతి నెరిసిన జుట్టు ముడి వేసుకుని, దమయంతి తలకు వల టోపీ సర్ది, ఇబ్బందిగా ఉంటే చెయ్యెత్తమని చెప్పింది.

మొదట ఏమీ లేదు. తర్వాత గదిలో ఎవరో తనను చూస్తున్నట్టు అనిపించింది. ఎవరో కాదు. ఆ చూపు ఆమెకు తెలుసు. స్కూలు వార్షికోత్సవంలో చీర కొంగు నడుముకు బిగించి కుర్చీలు మోస్తున్న పాతికేళ్ళ దమయంతి కనిపించింది. జ్వరంతో పడుకున్న మనిషి నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్న దమయంతి కనిపించింది. పేపరు చదువుతూ తనలో తనే నవ్వుకుంటున్న, జుట్టు పలచబడిన దమయంతి కనిపించింది. తనను తాను ఎప్పుడూ అంత అందంగా చూసుకోలేదు ఆమె. ఆ రెండేళ్ళూ ఎదురుగా కూర్చుని కూడా మాట్లాడని మనిషి ఇంత చూశాడా అనుకుంది. టోపీ తీశాక ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. చుట్టూ ఉన్న ఆరుగురి చెంపలూ తడిసే ఉన్నాయి.

ఇంటికొచ్చి దమయంతి ఇల్లంతా శుభ్రం చేసుకుంది. ఎన్నాళ్ళకో పప్పులో పోపు వేసుకుని తింది. నెలకొకసారి వచ్చి కూర్చోవచ్చని లింగమూర్తి అన్నాడు. విచారణలో ఏం చెప్పాలో ఆమె మనసులో దాదాపు ఖాయమైపోయింది. ఉన్నారని చెబుతుంది. ఉన్నది నిజమే కదా. పక్కింటివాళ్ళు కాలువ సంగతి ఏమంటావని అడిగితే మాత్రం మాట దాటేసింది. గట్టు మీద ఎదురైన రైతులు ఆమెతో మాట్లాడటం మానేశారు. అదీ ఆమె పెద్దగా పట్టించుకోలేదు. పై నెల కోసం చూస్తూ కూర్చుంది.

ఆ నెలలోనే తుపాను వానలు మొదలయ్యాయి.

దమయంతికీ తవిటినాయుడికీ ఒక కొడుకు ఉండేవాడు. నాలుగేళ్ళప్పుడు ఇలాంటి వానల్లోనే వాడికి జ్వరం వచ్చింది. అప్పటికి వంతెన లేదు. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతుంటే పడవ అతను కష్టం మీదైనా దాటిస్తానన్నాడు. ఏరు చూసి దమయంతికి ధైర్యం చాలలేదు, తెల్లారి వెళ్దామంది. తెల్లారి పడవలోనే పిల్లవాడు పోయాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ వానలు పట్టగానే ఆమె నోట అదే మాట వచ్చేది, ఆ సాయంత్రమే బయల్దేరాల్సింది అని. ఆయన ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేవాడు. “నేదు. పడవ మునిగిపోయీది. ముగ్గురం పోయీవోలం.” ఆమె ఎంత వాదించినా, ఏడ్చినా, తిట్టినా ఆయన ఆ ముక్క మార్చలేదు. నీకేం తెలుసు అని ఆమె విసురుగా లేచిపోయేది. కానీ ఆ మాట విన్న తర్వాతే ఆమెకు నిద్ర పట్టేది. ఇంకే సంగతీ మాట్లాడని ఆ చివరి రెండేళ్ళలో కూడా, దీనికి మాత్రం ఆయన జవాబు చెప్పాడు.

రెండోసారి కుర్చీలో కూర్చున్నప్పుడు బయట వాన పడుతోంది. ఆ చూపు మళ్ళీ వచ్చి ఆమెను తాకింది. హాయిగా అనిపించింది. ఆ హాయిలో, పాత అలవాటుగా, ఆమె మనసు ఆ సాయంత్రం వైపు పోయింది. ఒళ్ళు కాలుతున్న పిల్లవాడు, గట్టు తెగేలా ఉన్న ఏరు, తెల్లారి వెళ్దామన్న తన గొంతు. బయల్దేరాల్సింది అనుకుంది ఆమె. అనుకుని ఆగింది.

జవాబు వెచ్చగా, మెత్తగా వచ్చింది. అవును, నువ్వన్నదే నిజం, బయల్దేరాల్సింది. దాని నిండా జాలి ఉంది. తల నిమురుతున్నంత ప్రేమ ఉంది. ఆమె బాధ దేన్ని కోరుతోందో కనిపెట్టి, దాన్ని కాదనడం ఇష్టంలేక తలూపినట్టుంది.

దమయంతి చెయ్యెత్తలేదు. టోపీ తనే లాగేసి బల్ల మీద పడేసి, గది బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

కాసేపటికి చారుమతి వచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. దమయంతి ఆమెను అడిగింది ఒక్కటే. ఆయన పోయాక జరిగిన సమావేశాల్లో ఏడో కుర్చీ ఎప్పుడైనా వద్దందా? చారుమతి లేచి లోపలికి వెళ్ళి, యంత్రంలో దాచినవన్నీ తిరగేసుకుని, చాలాసేపటికి తిరిగొచ్చింది.

“లేదు,” అంది. “ఒక్కసారి కూడా.”

బతికున్నప్పుడో అని అడిగింది దమయంతి. మొదటి ఏడాది ప్రతి సంగతికీ ముందు ఆయనే అడ్డం తిరిగేవారని, మిగిలినవాళ్ళు ఆయన్ని ఒప్పించలేక తామే మారిన సందర్భాలు ఎన్నో ఉన్నాయని చారుమతి చెప్పింది. రెండో ఏడాదికి అడ్డం తిరగడం తగ్గింది. పోయాక పూర్తిగా ఆగిపోయింది. ఎందుకలా అంటే, మనిషి లేని అచ్చులో ఎక్కడికక్కడ ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీల్ని ఆరుగురూ తమ జ్ఞాపకాలతో, తమ ఇష్టాలతో నింపుతూ వచ్చారు. కావాలని చేసింది కాదు. ప్రేమ కొద్దీ చేసిందే. ఒక్కో సమావేశానికీ ఆయన కాస్త తగ్గి, వాళ్ళు కాస్త పెరిగారు.

“మీకు ముందే తెలుసా?” అని అడిగింది దమయంతి.

“అనుమానం ఉండేది. అడిగే ధైర్యం లేకపోయింది. నేను చేసినవాటిలో మనుషులకి అక్కరకొచ్చింది ఇదొక్కటే.”

మొదటిసారి చూసింది కూడా అబద్ధమేనా అని దమయంతి అడగబోయి ఊరుకుంది. చారుమతికే అది అర్థమైంది. అందులో ఆయన ఎంతో, వాళ్ళెంతో తాను విడదీయలేనని, ఆ చూపు మాత్రం ఆరుగురూ కల్పించుకోగలిగేది కాదని నెమ్మదిగా చెప్పింది. ఆ కాస్తా నా ఒక్కదానికి దాచి ఇవ్వగలరా అని దమయంతి అడిగింది. ఆరుగురి మనసులూ తోడు లేకపోతే ఆ అచ్చు దానంతటది కదలదని, ఒంటరి గదిలో పెడితే ఏమీ ఉండదని చారుమతి చెప్పింది. కుర్చీ ఖాళీ అని తేలితే చట్టప్రకారం దాన్ని చెరిపేసి కొత్త సభ్యుడికి చోటివ్వాలి.

విచారణకు ఇంకా కొన్ని రోజులున్నాయి. ఆ రోజుల్లో దమయంతి ఇల్లు కదల్లేదు. అన్నం వండటం, వాకిలి ఊడ్చుకోవడం, వాన చూడటం. ఉన్నారని ఒక్క మాట చెబితే నెలకొకసారి ఆ చూపు కింద కూర్చోవచ్చు. అందులో సగం ఆయనే అయినా చాలు. పావు వంతైనా చాలు. కాలనీలో ఒక ఇల్లు వస్తుంది, ఎగువ ఊళ్ళకు నీళ్ళు వెళ్తాయి. ఎవరికీ నష్టం లేదని ఒక పూట అనిపించేది. ఇంకో పూట, బతికున్నన్నాళ్ళూ కాదని చెప్పిన మనిషి చేత తలూపించడం శవం చేత వేలిముద్ర వేయించినట్టు అనిపించేది. ఇలాంటి సంగతి ఏ చుట్టాన్ని పిలిచి అడుగుతుంది. పిల్లవాడి మాట ఆయనతో తప్ప ఎవరితోనూ ఆమె ఎత్తలేదు.

విచారణ పెట్టిన పెద్ద హాలు ఆ రోజు కిక్కిరిసింది. ఒక పక్క దిబ్బలపాలెం రైతులు, ఇంకో పక్క కొండ ఊళ్ళ నుంచి లారీలెక్కి వచ్చిన ఆడవాళ్ళు. ఆరుగురు సభ్యులూ ముందు వరసలో ఒకరినొకరు ఆనుకున్నంత దగ్గరగా కూర్చున్నారు. జడ్జిగారు పెద్దాయన, నెమ్మదస్తుడు. మీ భర్త ఆ స్థానంలో ఇంకా ఉన్నారని మీరు నమ్ముతున్నారా అమ్మా అని అడిగారు.

“మా ఆయన చనిపోయారండి,” అంది దమయంతి.

ఎందుకలా అనుకుంటున్నారో చెప్పమన్నారు జడ్జిగారు. ఆమె తడబడకుండా, కళ్ళెత్తకుండా, ఎవరికీ చెప్పని ఆ సాయంత్రం సంగతి చెప్పింది. పిల్లవాడి జ్వరం చెప్పింది. పడవ చెప్పింది. తెల్లారి వెళ్దామన్నది తనేనని చెప్పింది. ప్రతి ఏడూ తను ఏమనేదో, ఆయన ఏమనేవాడో చెప్పింది.

“ఆయన మాట నిజమో కాదో నాకు తెలీదండి. పడవ మునిగేదో లేదో ఆయనకీ తెలీదు. కానీ నేను బతకాలని కాదన్నారు. బతికున్నన్నాళ్ళూ కాదనే అన్నారు. మొన్న ఆ కుర్చీలో అవునన్నారు. ఆ అవును ఆయనది కాదు.”

మనిషి మనసు మార్చుకోవచ్చు కదా అన్నారు జడ్జిగారు, అనక తప్పదన్నట్టు.

“మార్చుకోవచ్చండి,” అంది దమయంతి. “బతికున్నవాళ్ళు.”

దిగువ రైతులు కేకలు వేయబోతే జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు. దమయంతి మెట్లు దిగుతుంటే లింగమూర్తి అడ్డం వచ్చాడు. కోపంగా లేడు. ముసలితనం ఒక్కసారి మీద పడ్డట్టున్నాడు. “మరి మేం ఆరుగురం ఏమైపోవాలమ్మా?” అని అడిగాడు. ఆయన వెనక రెహానా గోడవైపు తిరిగి ఏడుస్తోంది. నాయుడు చచ్చిపోయింది ఆరోజేనన్నట్టు ఏడుస్తోంది. ఆ ఏడుపు విధవరాలి ఏడుపులా ఉంది. దమయంతి ఒక అడుగు అటువైపు వేసి, తను వెళ్ళి ఓదార్చడం సబబో కాదో తేల్చుకోలేక, బస్టాండు వైపు నడిచింది.

కుర్చీ ఖాళీ అని తీర్పు వచ్చింది. అచ్చు చెరిపేసిన పూట చారుమతి ఫోన్ చేసి, అయిపోయిందండి అని మాత్రం చెప్పింది. దమయంతి సరేనమ్మా అంది.

దిగువ స్థానానికి మైలపల్లి నూకరత్నం వచ్చింది. సముద్రం ఒడ్డు ఊరి మనిషి, గట్టి గొంతు. టోపీ చేతికిస్తే తిరగేసి చూసి బల్ల మీద పెట్టేసింది. “నా మనసులో ఏటున్నాదో నా నోరే సెప్తాది. మీరూ సెప్పండి, ఇంటాను,” అంది. ఏడుగురిలో ఒక్కరు వద్దన్నా జోడు పని చేయదు. ఆ రోజు సమావేశం విచారణ జరిగిన హాల్లోనే, తలుపులు తీసి పెట్టారు. దమయంతి వెళ్ళి జనంలో వెనక కూర్చుంది. చాలాకాలంగా మాటలతో పని పడనివాళ్ళు కావడంతో ఆరుగురూ తడుముకున్నారు. చెప్పదలుచుకున్నదాన్ని సగంలో వదిలేసి ఎదుటివాడికి తెలిసిపోయిందనుకుని చూస్తున్నారు. ఎదుటివాడికి తెలియడం లేదు. పొద్దుపోయేదాకా అరుచుకున్నారు. కాలువ మూత ఆగింది. దిగువకు వచ్చే నీళ్ళు మాత్రం సగానికి తగ్గాయి. మిగతా సగాన్ని ఎగువకు తీసుకుపోవాల్సిన గొట్టాల పని అలాగే నిలిచిపోయింది.

బయటికొస్తుంటే తొత్తడి గంగులు దమయంతిని ఆపాడు. “మా ఆడోల్ల మోకాళ్ళ నొప్పి నాయుడుగారికి తెల్సునమ్మా,” అన్నాడు. “ఇప్పుడు దిగువోల్లకి ఎవుడికీ తెల్దు. ఈ ఎండాకాలం కూడా ఆల్లు బిందెలు మోస్తారు.” దమయంతి తల వంచుకుని నిలబడింది. ఆ ఎండాకాలం వాళ్ళు బిందెలు మోశారు.

సంవత్సరీకం నాటికి ఎండలు తగ్గాయి. తద్దినానికి దగ్గరి చుట్టాలు నలుగురు వచ్చి, భోజనం చేసి ఎవరి బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయారు. దమయంతి విస్తళ్ళు ఎత్తేసి కూర్చుందో లేదో ఫోన్ మోగింది. రెహానా. బస్సు దిగి రావిచెట్టు మలుపు దగ్గర నిలబడ్డానని, ఏ వీధిలోకి రావాలో గుర్తు రావడం లేదని చెప్పింది. దమయంతి వెళ్ళి తీసుకొచ్చింది.

రెహానా చిక్కిపోయింది. మండలిలోనే ఉంది, ఇప్పుడిప్పుడే నోటితో మాట్లాడటం అలవాటవుతోందని నవ్వబోయింది. వరండాలో కుర్చీ అంచున కూర్చుని, కొత్త ఇంటికి వచ్చిన మనిషిలా అటూ ఇటూ చూసింది. మజ్జిగ ఇస్తే రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఎందుకొచ్చిందో తనకే సరిగా తెలియనట్టుంది.

“నాలో ఆయన ఏమీ మిగల్లేదండి,” అంది చివరికి. “నెమ్మదిగా పోతుందన్నారు గానీ, మూడు నాలుగు వారాల్లోనే పోయింది. ఎవరో చాలా దగ్గరివాళ్ళు పోయారన్నది మాత్రం ఉంది. ఎవరు పోయారో తెలియకుండా బాధపడటం...” ఆగిపోయింది. మజ్జిగ గ్లాసు వైపు చూస్తూ అడిగింది. “నాయుడుగారు ఎలాంటి మనిషండి?”

ఈ ఏడాదిలో ఆ ప్రశ్న దమయంతిని ఎవరూ అడగలేదు. చుట్టాలు తెలిసే వచ్చారు, తెలిసే ఏడ్చి వెళ్ళారు. ఈ ఆరుగురికీ ఒకప్పుడు అడగాల్సిన అవసరమే లేకపోయింది. ఆమె చాప లాక్కుని రెహానా ఎదురుగా కింద కూర్చుంది. రెహానా కూడా కుర్చీ దిగి కింద కూర్చుంది.

“ఎదురు చెప్పకుండా ఉండలేని మనిషి,” అంది దమయంతి. “పెళ్ళిచూపులకి వచ్చి, పెళ్ళయ్యాక అమ్మాయి ఉద్యోగం మానేస్తుందని మా నాన్న మర్యాదకి అంటే, ఎందుకు మానెయ్యాలని మా నాన్నతోనే గొడవేసుకున్నాడు. సంబంధం చెడిపోతుందని వాళ్ళన్నయ్య కాలు తొక్కుతున్నాడు. ఈయన వినడే.”

రెహానా నవ్వింది. తర్వాతేమైందని అడిగింది. దమయంతి చెప్పుకుంటూ పోయింది. ఆయన నడక చెప్పింది, ఆయన కోపం చెప్పింది, చేను గట్టు మీద ఎవరితోనైనా తగువాడి వచ్చాక చేతులు వెనక్కి కట్టుకుని వాకిట్లో తిరిగే తీరు చెప్పింది. ఒక్కోచోట సరైన మాట దొరక్క ఆగేది. ఆగినప్పుడల్లా రెహానా తొందరపెట్టకుండా, ఆ మాట వచ్చేదాకా ఎదురుచూసింది.